శుభలేఖల డైరీ

బుడమేరు వరదకు బొత్తిగా విచక్షణ లేదు. ఉంటే ఆ ఇంట్లో అన్నిటికన్నా ముందు అటక మీది అట్టపెట్టెనే పట్టుకుపోయేది. మంచాలు నానబెట్టింది, ఫ్రిజ్‌ను బోర్లా తోసింది, బియ్యం డబ్బాలో బురద నింపింది, శాంభవి ఎమ్మెస్సీ సర్టిఫికెట్లను అప్పడాల పిండి చేసి వదిలింది. అటక దాకా మాత్రం ఎక్కలేకపోయింది. ఆ అటక మీద ఉన్నదల్లా రెండేళ్ళ కిందట ఆగిపోయిన శాంభవి పెళ్ళి తాలూకు శుభలేఖలు. సింగ్‌నగర్‌లో ఆ వీధి మొత్తానికి పొడిగా మిగిలిన కాగితమంటూ ఏదైనా ఉంటే అవే.

"పోవాల్సినవి పోవు, ఉండాల్సినవి ఉండవు," అని శాంభవి తల్లి జ్ఞానప్రసూనాంబ గారు బురద ఊడుస్తూ అటక కేసి ఒక చూపు చూసి, వెంటనే తల తిప్పుకున్నారు. ఆ ఇంట్లో ఆ పెట్టె ఊసు ఎవరూ ఎత్తరు. పారేద్దామంటే ప్రతి కార్డు మీదా బంగారు రంగు వినాయకుడు కొలువుదీరి ఉన్నాడు, నాలుగు మూలలా పసుపు ఉంది. దేవుడి బొమ్మా పసుపూ ఉన్న కాగితాన్ని చెత్తబండిలో వేయడానికి ఎవరికి చెయ్యొస్తుంది? పోనీ కృష్ణలో కలిపేద్దామంటే, అంత పెట్టె మోసుకుని బ్యారేజీ దాకా వెళితే దారిలో తెలిసినవాళ్ళెవరో ఒకరు ఎదురై "ఏంటండీ అది?" అనకుండా ఉంటారా? అందుకని అది అక్కడే ఉండిపోయింది, ఇంటి మనుషుల నెత్తిమీద.

పెళ్ళి ఆగిపోవడం వెనక పెద్ద కథేమీ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. పెద్ద కథ ఉంటే నలుగురికీ చెప్పుకోవచ్చు. అబ్బాయిది మంచి కుటుంబం, గన్నవరంలో ఉద్యోగం, తాగడు, గట్టిగా మాట్లాడడు. శాంభవి అతన్ని నాలుగైదుసార్లు కలిసింది. కలిసి ఇంటికొచ్చిన ప్రతిసారీ పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ చేసి వచ్చినట్టుండేది. తప్పు పట్టడానికి ఏమీ దొరకదు, బెల్లు ఎప్పుడు కొడతారా అని మాత్రం ఉంటుంది. బతుకంతా బెల్లు కోసం ఎదురుచూడలేనని ఆమెకు తేటతెల్లమయ్యేసరికి శుభలేఖలు అచ్చయి ఇంటికొచ్చేశాయి.

ఆ శుభలేఖల కోసం ఆమె తండ్రి అచ్యుతరామారావు గారు పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ప్రెస్సువాడు తన దగ్గరున్న నమూనాల పుస్తకం ముందు పెట్టి ఏదో ఒకటి ఎంచుకోమంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. "నా కూతురి పెళ్ళికి వాడి మాటలేంటి?" అని వారం రోజులు కూర్చుని తనే రాశారు. కాగితం కోసం గవర్నరుపేటలో షాపు షాపూ తిరిగారు. వెళ్ళిన ప్రతిచోటా జేబులోంచి ఇంకు పెన్ను తీసి, కాగితం మూల ఒక గీత గీసి, ఇంకు పాకకపోతేనే తల ఊపేవారు. శుభలేఖ మీద పెన్నుతో రాసేదెవరండీ అని షాపువాడు నవ్వితే, "ఎవరూ రాయకపోయినా, రాయదగ్గట్టుండాలి" అన్నారట. ప్రసూనాంబ గారేం తక్కువ తినలేదు. కవరుకు పెడితే చాలంటే వినకుండా, లోపలి కాగితానికి కూడా నాలుగు మూలలా తడి పసుపు అద్దారు. ముందు వైపు పెట్టింది వెనక వైపుకు కూడా ఊరింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం శాంభవి తను కెమిస్ట్రీ చెప్పే కోచింగ్ కాలేజీ నుంచే అబ్బాయికి ఫోన్ చేసి వద్దని చెప్పేసింది. అతను మర్యాదగానే విన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి నాన్నగారికి చెబుదామని గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆయన చాప నిండా కవర్లు పరుచుకుని, గుండ్రటి చేతిరాతతో అడ్రసులు రాస్తున్నారు. ఒక్కో కవరూ రాయడం, దూరంగా పట్టుకుని చూసుకోవడం, తనలో తను మురిసిపోవడం. ఆ ముఖం చూసి, ఈ కట్ట అయ్యాక చెబుదాంలే అనుకుని కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. ఆ కాస్తలోనే ఫోను మోగింది. అబ్బాయి తండ్రి. "మీ అమ్మాయి మావాడికి వద్దని చెప్పిందట. మీకు తెలిసే జరిగిందాండీ ఇది?" అని అడిగాడాయన. అచ్యుతరామారావు గారికి తెలియదు. తెలియదనే మాట పరాయి మనిషి ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి ఆయన కూతురితో నేరుగా మాట్లాడలేదు. తిట్టారా అంటే అదీ లేదు. చుట్టాలందరికీ ఫోన్లు చేసి తనే చెప్పుకున్నారు. కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు, ఇంకొకర్ని అననివ్వలేదు. కాకపోతే ఇంట్లో మాటలన్నీ ప్రసూనాంబ గారి మీదుగా దారి మళ్ళాయి. "మీ అమ్మాయిని హెల్మెట్ పెట్టుకోమను." "మీ అమ్మాయి తిన్నదా?" ఆ మీ అమ్మాయి పక్కనే నిలబడి వింటూ ఉండేది. వరదొచ్చి ముగ్గురూ డాబా ఎక్కి కూర్చున్నప్పుడు, చుట్టూ నీళ్ళు, పైన వాన, పడవలో ఎవరో పాల ప్యాకెట్లు తెచ్చి అందిస్తున్నప్పుడు కూడా ఆయన "మీ అమ్మాయిని కాస్త వంగి అందుకోమను" అన్నారు. కొంపలు మునిగినా పట్టు సడలకపోవడమంటే అదే మరి.

శాంభవికి కావలసింది ఒక్కటే, నాన్నగారు తనను పేరు పెట్టి పిలవాలి. పక్కింటి అమ్మాయిని పిలిచినట్టు పిలిచినా చాలు. రెండేళ్ళలో ఆమె ఇంకో పెళ్ళి గురించి ఆలోచించలేదు, ఇంకో ఊళ్ళో ఉద్యోగం వచ్చినా వెళ్ళలేదు. మాటలు లేకుండా వెళ్ళిపోతే ఇక ఎప్పటికీ ఉండవేమోనని భయం.

వరదలో అచ్యుతరామారావు గారికి పోయినవి వేరే. ఉద్యోగంలో చేరిననాటి నుంచి ఆయన రోజూ డైరీ రాసేవారు. "ఎండ ఎక్కువ. విశేషాల్లేవు" అని రాయడానికి కూడా అరగంట కూర్చునేవారు. ఆ డైరీలన్నీ మంచం కింద ట్రంకుపెట్టెలో ఉండేవి. నీళ్ళు తీశాక పెట్టె మూత తెరిస్తే లోపల నీలం రంగు ముద్ద కనిపించింది. వీధిలో అందరి పరుపులతో, పుస్తకాలతో పాటు దాన్నీ ట్రాక్టరులో ఎత్తి తీసుకుపోయారు. ఆయన గుమ్మంలో నిలబడి ట్రాక్టరు మలుపు తిరిగేదాకా చూశారు. మళ్ళీ పెన్ను పట్టలేదు. పాపం అని ఎవరో కొత్త డైరీ తెచ్చిస్తే దాన్ని మజ్జిగ గ్లాసు మీద మూతగా వాడుకోవడం మొదలుపెట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాలేజీ స్టాఫ్‌రూములో హన్నా తన జర్నల్ బయటకు తీసింది. హన్నా జువాలజీ చెబుతుంది, శాంభవికి మంచి స్నేహితురాలు. ఆ పుస్తకం అట్ట ఒకప్పుడు బిస్కెట్ల పెట్టె. లోపలి కాగితాలు పిల్లలు ఒకవైపే వాడి పారేసిన జవాబు పత్రాలు. ఒక పేజీలో బస్సు టికెట్లు పూలరెక్కల్లా అతికించి ఉన్నాయి, ఇంకో పేజీలో ఎండిన వేపాకు, దాని పక్కన ఆ రోజు సంగతులు. కేకు డబ్బా రిబ్బను చదివిన చోట గుర్తుగా వేలాడుతోంది.

"నాకూ నేర్పవే," అంది శాంభవి. "మా నాన్నగారికి చేసిస్తాను."

"నేర్పడానికేముంది, బ్రహ్మవిద్యా? ఒక్కటే రూలు. కొత్త కాగితం కొనకూడదు. మీ ఇంట్లో ఏది మిగిలితే దాంతోనే చెయ్యాలి."

"మా ఇంట్లోనా? వరదకి మిగిలిందా?" అని నవ్వబోయిన శాంభవి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మిగిలింది. అదీ ఇంకు పాకని కాగితం. ఊరంతా తిరిగి ఆయనే ఏరి తెచ్చుకున్న కాగితం.

హన్నా అంతా విని తన జర్నల్ మూసి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "మీ నాన్నగారు చూస్తే?" అంది.

"చూడరు. అచ్చు వైపు లోపలికి వచ్చేట్టు మడత పెట్టి అంటించేస్తాను. బయటికి తెల్లగానే ఉంటుంది."

"చూస్తేనో?"

"చూస్తే చూడనీ," అంది శాంభవి. తెగించి అన్నట్టే అంది కానీ, గొంతులో ఆ తెగింపు లేదు.

ఆదివారం పొద్దున్నే అచ్యుతరామారావు గారు సత్యనారాయణపురంలో స్నేహితుడి ఇంటికి వెళతారు. ఇద్దరూ కలిసి పేపరంతా చదివి, అందులోని తప్పులు దిద్ది, మధ్యాహ్నం భోజనం వేళకు గానీ విడిపోరు. ప్రసూనాంబ గారికి మోకాళ్ళ నొప్పులు, మామూలుగా డాబా ఎక్కరు. శాంభవి పెట్టె దింపి డాబా మీదికి చేర్చింది. మూత తీయగానే కొత్త కాగితపు వాసన వచ్చింది. ఆ వాసన ఇంట్లో మరచిపోయి ఎన్నాళ్ళయిందో. ఇల్లంతా బురద వాసనే కదా.

పై అట్టలు ఒకవైపు, లోపలి కాగితాలు ఒకవైపు పెట్టింది. లోపలి కాగితాల మీద తన పేరూ, చిరంజీవి ఫలానా వాడి పేరూ పక్కపక్కన, మళ్ళీ మళ్ళీ. మొదటి పది కాగితాలూ చదవకుండా మడత పెట్టడానికి చూపు పక్కకు తిప్పుకుంది. ఆ తర్వాత చేతులకు పని అలవాటైపోయి పేర్లు ఉత్త అక్షరాలైపోయాయి. అడ్డంగా మధ్యకు మడత, గోటితో కాదు, చెంచా వీపుతో ఒకసారి గట్టిగా రుద్దడం, మడత లోపల మైదా లై జిగురు పల్చగా పూయడం, మూసేయడం. లైలో చిటికెడు మైలుతుత్తం వేసింది, పురుగు పట్టకుండా. కెమిస్ట్రీ చదివినందుకు ఆ మాత్రం ఉపయోగం ఉండాలి కదా అని తనలో తను మెచ్చుకుంది కూడా.

అతికించిన తడి కాగితాలన్నీ డాబా మీద వరసలుగా ఆరబెట్టింది. నేల తెల్లగా, శుభ్రంగా ఉంది. తడి గోడలకు పెయింటు నిలవదు, ముందు సున్నం కొట్టండి అని మేస్త్రి చెబితే ఇల్లంతా సున్నం వేయించారు. మిగిలిన సున్నం పారబోయడం ఎందుకని ముందురోజే ప్రసూనాంబ గారు డాబా మీద కూడా పూయించారు. వేసవికి చల్లగా ఉంటుందని.

కాగితాలు ఎగిరిపోకుండా గులకరాళ్ళు పెట్టి, నీడలో కూర్చుని అట్టల మీది వినాయకుల్ని కత్తిరిస్తూ ఉండిపోయింది శాంభవి. పుస్తకం పై అట్టకు ఒక్క వినాయకుడు చాలు. మిగతావాళ్ళను ఎక్కడ పెట్టాలన్నది సమస్య. వెనక అట్టకు ఒక జేబు కుట్టి అందరినీ అందులో కూర్చోబెడదామని తీర్మానించుకుని తల ఎత్తి చూసింది.

కాగితాల మూలలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, అన్నీ. పసుపు అద్దిన ప్రతి మూలా ఎర్రటి ముద్ర వేసినట్టు.

ఏమైందో అర్థం కావడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. పసుపు క్షారానికి తగిలితే ఎర్రబడుతుందని ఏటేటా వందల మంది పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పే మనిషి, పసుపు కాగితాల్ని తెచ్చి, తడిగా, పచ్చి సున్నం మీద పరిచింది. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అన్నారా! తలపట్టుకుని కూర్చుంటే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. స్నేహితుడు ఊళ్ళో లేడని పెందలాడే తిరిగొచ్చిన అచ్యుతరామారావు గారు, సున్నం ఆరిందో లేదో చూద్దామని పైకి వచ్చారు.

ఆయన మొదట ఎర్రటి మూలల్ని చూశారు. తర్వాత ఇంకా మడత పెట్టని కాగితాల్ని చూశారు. తన మాటలు, తన కూతురి పేరు, ఆ అబ్బాయి పేరు, ముహూర్తం, అన్నీ ఎండలో బట్టబయలుగా ఉన్నాయి. పక్క డాబా మీద ఎవరో ఆవిడ బట్టలారేస్తూ ఇటే చూస్తోంది.

"ఎవర్నడిగి తీశావ్ ఇవి?"

శాంభవి అలవాటుకొద్దీ అమ్మ కోసం పక్కకు చూసింది. అమ్మ లేదు.

"ఎటు చూస్తావే? నిన్నే అడిగేది!"

"నేనే తీశానండీ," అంది శాంభవి, లేచి నిలబడుతూ.

"రెండేళ్ళు గుట్టుగా పెట్టుకున్నాం. ఊరందరికీ కనబడేట్టు అప్పడాలారేసినట్టు ఆరేశావా? బుద్ధుందా నీకు? ఆ ఎరుపేంటి అసలు?"

"సున్నం తగిలిందండీ. పసుపుకి సున్నం తగిలితే..."

"ఎర్రబడుద్ది! పదో క్లాసు పిల్లాణ్ణి లేపి అడిగినా చెబుతాడు. కెమిస్ట్రీ టీచరువి, నీకు తెలీదా? ఏం చెబుతున్నావే ఆ పిల్లలకి? లక్షలు పోసి చేరుతున్నారు పాపం!"

శాంభవికి నవ్వొచ్చింది. ఆపుకుందామని పెదవి కొరుక్కుంటే కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. నవ్వూ ఏడుపూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి ఆమెను నిలవనివ్వలేదు.

"నవ్వుతావేం?"

"మీరు తిడుతున్నారండీ."

"తిట్టక నెత్తిన పెట్టుకోమంటావా?"

"కాదండీ. నన్నే తిడుతున్నారు. అమ్మకి చెప్పి తిట్టించట్లేదు."

కింద వంటింట్లో ఉన్న ప్రసూనాంబ గారు ఆ కేకలు విని, ఏం కొంప మునిగిందో అని మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. సగం దూరం వచ్చాక ఆవిడకు విషయం అర్థమైంది. ఆయన తిడుతున్నది కూతుర్ని. నేరుగా. తను వెళ్ళి మధ్యలో నిలబడితే మళ్ళీ తన మీదుగానే మొదలుపెడతారేమోనని భయపడి, ఆవిడ అక్కడే మెట్టు మీద చప్పుడు చేయకుండా కూర్చుండిపోయారు.

అచ్యుతరామారావు గారు నీళ్ళ ట్యాంకు దిమ్మె మీద చతికిలబడ్డారు. కోపం ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగానూ దిగిపోయింది. ఆయనకు కోపంలో అనుభవం తక్కువ.

"నువ్వా పెళ్ళి వద్దన్నందుకు కాదే నా బాధ," అన్నారు కాసేపటికి. "నీకు నచ్చకపోతే నేను చేస్తానా? నీ సంగతి ఎవడో ఫోన్ చేసి నాకు చెప్పడమేంటి? 'మీకు తెలుసా' అని అడుగుతాడా నన్ను? ఇరవయ్యేడేళ్ళు పెంచి, నా కూతురి మనసులో ఏముందో నేను పరాయోళ్ళ నోట వినాలా? మొదట నాకు చెప్పాలా, వద్దా?"

"చెబుదామనే వచ్చానండీ ఆ రోజు. మీరు అడ్రసులు రాస్తున్నారు. ఎంత ఇష్టంగా రాస్తున్నారో... ఆపబుద్ధి కాలేదు నాన్నగారూ."

"ఆపాలమ్మా! నువ్వు ఆపితే పెన్ను పక్కన పెట్టేవాణ్ణి. అంతకు మించి నాకేం పోయేది?"

శాంభవి వచ్చి ఆయన పక్కన దిమ్మె మీద కూర్చుంది. ఇంతకీ ఇవన్నీ ఎందుకు మడతపెట్టావని ఆయనే అడిగారు. డైరీ చేద్దామని, మీకోసమని ఆమె చెప్పింది. ఆయన వంగి ఆరిన కాగితం ఒకటి తీసి ఎండకు ఎత్తి పట్టుకున్నారు. మడత లోపలి అక్షరాలు తలకిందులుగా, లీలగా కనబడ్డాయి.

"నేను రాసింది లోపలే ఉందన్నమాట."

"తీసేయమంటారా?"

"ఎందుకు? వారం రోజులు రాశాను. ఉండనీ." ఆయన జేబులోంచి పెన్ను తీసి, రాసి రాసి మానేసిన పెన్ను కదా, రెండుసార్లు విదిలించి, మూల మీద ఒక గీత గీశారు. ఇంకు పాకలేదు. "చూశావా కాగితమంటే!" అని ఆ షాపు పేరు, అక్కడి గుమస్తా పేరు కూడా చెప్పారు.

మెట్ల మీంచి ప్రసూనాంబ గారి గొంతు వినిపించింది. "ఏవండీ, అన్నం చల్లారిపోతోంది, కిందికి రమ్మని మీ అమ్మాయితో చెప్పండి!"

"నువ్వే చెప్పుకోవే, నోరు లేదా?" అన్నారాయన. ముగ్గురూ ఒకేసారి నవ్వారు. అంత నవ్వాల్సిన మాటేమీ కాదది.

భోజనాలయ్యాక పుస్తకం కుట్టే పని ముగ్గురి చేతుల్లోకీ వచ్చింది. ఎర్రబడిన మూలల్ని చూసి ప్రసూనాంబ గారు ఎక్కడ బాధపడతారోనని శాంభవి భయపడింది గానీ ఆవిడ వేలితో తడిమి, "పాడవడమేంటే? దీన్ని పారాణి అంటారు," అని తేల్చేశారు. దబ్బనంతో ఆరు బెజ్జాలు పొడిచింది శాంభవి. దారానికి కొవ్వొత్తి రుద్ది గట్టి చేసి ఇచ్చారు అచ్యుతరామారావు గారు. కుట్టు వంకరపోయిందని రెండుసార్లు విప్పించారు కూడా. ఒకప్పుడు పరీక్ష పేపర్లు కట్టలు కట్టిన చేతులు, ఊరుకోవు. అట్టకు ఆ పెట్టె అట్టనే కోశారు. దాని మీద ఏ గుడ్డ వేద్దామని వెతుకుతుంటే ప్రసూనాంబ గారు బీరువాలోంచి మంగళగిరి చీర తీసుకొచ్చారు. వరద నీళ్ళలో సగం దాకా నాని, ఎన్నిసార్లు ఉతికినా పోని గోధుమరంగు చార పడిన చీర. కట్టుకోవడానికి పనికిరాదు, పారేయడానికి ప్రాణం ఒప్పదు.

"చార లేని వైపు కోస్తానే," అంది శాంభవి.

"చారే కోయి. అదీ మనదేగా," అన్నారావిడ.

చీర అంచు పుస్తకం వెన్ను మీదుగా వచ్చింది. చార ముందు అట్ట మీద, నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో చెప్పే గోడమీది గీతలా అడ్డంగా ఉంది. దాని పైన వినాయకుణ్ణి అంటించారు. మునగని చోటు చూసి మరీ కూర్చోబెట్టానని అచ్యుతరామారావు గారు గొప్పగా చెప్పుకున్నారు. రంగు వెలిసిపోయిన కొండపల్లి చిలక ఒకటి బొమ్మల డబ్బాలో పడి ఉంటే, దాని ముక్కుకు దారం చుట్టి బొత్తాంలా బిగించింది శాంభవి. వెనక జేబులో మిగిలిన వినాయకులందరూ సర్దుకున్నారు. పుస్తకం కాస్త పొట్టతో, కాస్త వంకరగా, ఎర్రటి మూలలతో తయారైంది. షాపులో పెడితే ఎవరూ కొనరు. మజ్జిగ గ్లాసు మీద పెట్టడానికైతే అసలు పనికిరాదు, గ్లాసు పడిపోతుంది.

దీపం వేళకు అచ్యుతరామారావు గారు పుస్తకాన్ని పీట మీద పెట్టుకుని కూర్చున్నారు. మొదటి పేజీ పైన శ్రీకారం చుట్టారు, తారీఖు వేశారు. అక్కడితో పెన్ను ఆగిపోయింది. రాయాలనే ఉంది ఆయనకు, చెయ్యి కదలడం లేదు. నలభై ఏళ్ళ రాత ముద్దయిపోయిన మనిషికి మళ్ళీ మొదటి వాక్యం అంత తేలిగ్గా వస్తుందా? శాంభవి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని చూస్తోంది. ఇవాళ రాయకపోతే రేపు కూడా రాయరని ఆమెకు తెలుసు.

"ఏం తోచట్లేదమ్మా," అని ఆయన పుస్తకాన్ని ఆమె వైపు తిప్పి పెన్ను చేతికిచ్చారు. "శాంభవీ, చేసింది నువ్వు కదా. ముందు నువ్వే ఏదో ఒకటి రాయి. తర్వాత నేను అందుకుంటాను."

తన పేరు ఆయన నోట విని ఎన్నాళ్ళయింది! శాంభవి పెన్ను పట్టుకుని తెల్ల కాగితం కేసి చాలాసేపు చూసింది. హన్నా అయితే పువ్వో ఆకో గీసేది. ఆమె ఏమీ గీయలేదు. నెమ్మదిగా, తప్పుల్లేకుండా, తెలుగు మాస్టారి కూతురిలా ఒక్క వాక్యం రాసి పుస్తకం ఆయన వైపు తిప్పింది.

"నాన్నగారూ, నాకీ పెళ్ళి వద్దండీ. ముందుగా మీకే చెబుతున్నాను."

అచ్యుతరామారావు గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. మళ్ళీ చదివారు. వంటింటి గుమ్మంలోంచి ప్రసూనాంబ గారు "ఏం రాసిందండీ?" అని అడిగారు. ఆయన కూతురి చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ వాక్యం కిందే, ఒకప్పటి ఆ గుండ్రటి అక్షరాలతో రాశారు.

"అలాగే తల్లీ. నేను వాళ్ళకి చెబుతాలే."